గుడ్డ కింది వెచ్చదనం

రోజూ పొద్దున కేంద్రంలో అడుగుపెట్టాక ఆవిడ చేతిసంచి వెంటనే దింపేది కాదు. సంచి ఎడమ భుజానికి వేలాడుతూ ఉండగానే కుడి చేతిని తిరగేసి, ఒక్కో కంప్యూటరు పక్కన మెల్లగా ఆనించేది. పిల్లవాడు బడికి వెళ్లనని మారాం చేస్తే, నిజంగా ఒళ్లు వెచ్చబడిందా లేదా అని తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుందే, అచ్చం అలాగే. ముందు గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే బల్ల, తర్వాత కొలతల గది, ఆ తర్వాత డాక్టరుగారి గది, చివరికి వెనక పనిశాల. అన్నీ అయ్యాక మెట్ల కింద చిన్న గది తలుపు తీసేది. సర్వర్ ఉండేది అందులోనే. దాని దగ్గర మాత్రం చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంచేది. బాగానే ఉన్నావన్నట్టు ఒక తట్టు తట్టి, అప్పుడు సంచి దింపి, కొంగుతో ముఖం తుడుచుకునేది.

అందుకే మా కేంద్రంలో అందరం ఆవిణ్ణి జ్వరాలక్కయ్య అనేవాళ్లం. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఆవిడకీ ఆ పిలుపు ఇష్టమే. అప్పుడే వేసిన మిషను గోరువెచ్చగా ఉంటే మంచిదేననీ, కాలుతుంటే లోపల ఫ్యానుకు దుమ్ము పట్టిందనీ, నోటితో మొరపెట్టుకోకముందే అది ఒంటితో చెబుతుందనీ అనేది. అలా చెయ్యి పెట్టి చూడడంతోనే ఆవిడ ఎన్నో మిషన్లను ఆగిపోకముందే కాపాడింది. మిషన్లకే కాదు, మనుషులకీ ఆ చెయ్యి అందేది. పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు కంప్యూటరును తాకి, నా ముఖం కేసి చూసి, "రాత్రి నిద్రపోలేదా తమ్ముడూ" అని అడిగిన రోజులు చాలా ఉన్నాయి. అడిగి ఊరుకునేది కాదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఏదో ఒకటి నా పళ్లెంలో వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేది.

మాది కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లకు కొత్తవి చేసి అమర్చే కేంద్రం. ముందు పెద్ద హాలు, గోడల వెంబడి బెంచీలు. బెంచీలు ఖాళీగా ఉన్న పొద్దు నేను చూడలేదు. పక్కన కొలతల గది. వెనక పనిశాల. అక్కడ సుద్ద దుమ్ము, రబ్బరు జిగురు వాసన, సాన చక్రం చప్పుడు. కాళ్లు చెక్కేది మేస్త్రి. వాటికి తోలు పట్టీలు కుట్టేది నేను. ఈ పనంతా ఒకే ఒక్క ఫైలు మీద నడిచేది. ఎవరికి ఏ కాలు, మోకాలి కింద ఎంత పొడవు, తొడ చుట్టుకొలత ఎంత, చర్మం ఎక్కడ కందింది, పని ఎంతవరకు వచ్చింది, అన్నీ అందులోనే. ఫైలు సర్వర్‌లో ఉంటుంది. కొలతల గదిలో రాస్తే పనిశాలలో మాకు కనబడుతుంది. మేస్త్రి పని పూర్తి చేసి గుర్తు పెడితే అక్కడ వాళ్లకు కనబడుతుంది. ఒకే పలక మీద అందరం రాసుకుంటున్నట్టు ఉండేది.

అక్కయ్య ఈ పనిలోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి. వాళ్ల మామగారిది టైపు మిషన్లు బాగుచేసే కొట్టు. ఈవిడ కొత్త కోడలిగా వచ్చేసరికి ఆయనకు చూపు మందగించింది. మిషను మోత విని ఆయన జబ్బు చెప్పేవాడు, చిన్న స్క్రూలూ స్ప్రింగులూ ఈవిడ చూసి సరిచేసేది. అలా ఆయన చెవులతో, ఈవిడ కళ్లతో ఆ కొట్టు చాలాకాలం నడిచింది. పని నేర్పుతూ ఆయన ఒక పద్ధతి నేర్పాడట. మిషను పట్టుకొచ్చినవాణ్ణి ఏం చేశావని ఎప్పుడూ అడగకూడదు. అడిగితే నోరు మూసేస్తాడు. దాని మీద టీ ఒలకబోసినవాడు టీ సంగతి ప్రాణం పోయినా చెప్పడు. ఏం కనిపించిందని అడిగితే మాత్రం, ఫలానా అక్షరం అతుక్కుంటోందని చెప్పి తీరతాడు. దానితోనే టీ ఎక్కడ పడిందో తెలిసిపోతుంది, వాడి పరువూ దక్కుతుంది. టైపు మిషన్లకు కాలం చెల్లాక మా కేంద్రం వాళ్లు పాతవన్నీ తీసుకెళ్లమని కబురు పెడితే ఆవిడ వచ్చింది. వచ్చిన రోజునే, వాటి స్థానంలో పెట్టిన కంప్యూటరు ఒకటి మొండికేసింది. పక్కన కూర్చుని దాని సంగతేమిటో చూసింది. ఇక వెళ్లలేదు. పుస్తకాలు చదివి, తెలిసినవాళ్లను అడిగి, విప్పి చూసి, మళ్లీ బిగించి నేర్చుకుంది.

వాళ్ల ఇంటికి నేను అప్పుడప్పుడూ వెళ్లేవాణ్ణి. భర్త బస్సు కండక్టరుగా చేసి మానేశారు, వంటంతా ఆయనదే. హాల్లో ఫ్యాను ఏళ్ల తరబడి కిర్రుకిర్రుమంటూనే ఉండేది. "ఊళ్లో మిషన్లన్నిటికీ చెయ్యి పెట్టి చూస్తుంది, మా ఇంటి ఫ్యానంటే మాత్రం పరాయిదే" అని ఆయన నాతో అంటే, ఆవిడ లోపల్నుంచి, "దానికి జ్వరం కాదు, ముసలితనం, మీకు లాగే" అనేది. అత్తగారికి చెముడు. కోడలు రోజంతా ఏం పని చేస్తుందని ఎవరో అడిగితే, జ్వరాలు చూస్తుందట అని చెప్పిందామె. దాంతో వీధిలో ఈవిడ డాక్టరైపోయింది. ఒకరోజు పక్కింటావిడ కాలిపోతున్న పిల్లను తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను డాక్టర్ని కాదని చెప్పి పంపెయ్యొచ్చు. ఈవిడ చెయ్యి తిరగేసి పిల్ల నుదుటి మీద పెట్టి, నిజంగానే జ్వరమేనని చెప్పి, గొడుగు తీసుకుని వాళ్లతో పాటు ఆసుపత్రి దాకా నడిచింది. అత్తగారిని మాత్రం సరిదిద్దలేదు. అంత సంతోషంగా చెప్పుకునే మాటను కాదనడం దేనికని అనుకుని ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొలతల గదికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. కొత్త అన్నానే గాని మాకు కొత్త కాదు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద ఎక్కి మా హాల్లోకి వచ్చిన పిల్ల. పెరిగే పిల్ల కాబట్టి ఏడాదికోసారి కొలతలు తీసి, మేస్త్రే ఆమెకు కాళ్లు చేస్తూ వచ్చాడు. చదువుకుని, ఎక్కడికీ పోకుండా, ఆ కొలతల బల్ల దగ్గరే ఉద్యోగం కావాలని అడిగి మరీ వచ్చింది. టేపు చూసి ఏడ్చే పిల్లలు ఎవరైనా వస్తే, ఏమీ మాట్లాడకుండా తన పైజామా అంచు కాస్త ఎత్తి చూపించేది. ఆ పిల్ల ఏడుపు ఆపి ఆ కాలు కేసి, ఆమె ముఖం కేసి మార్చి మార్చి చూసేది. అంతలో కొలత అయిపోయేది. ఇలాంటివి చూసినప్పుడు, దేవుడు మా కేంద్రం వైపు ఒక కన్ను వేసి ఉంచాడని నాకు అనిపించేది.

ఆ అమ్మాయి వచ్చిన వారమే ఫైలు మొరాయించడం మొదలుపెట్టింది. తెరుచుకుంటుంది, లోపల అన్నీ కనబడతాయి. కానీ రాయనివ్వదు. రీడ్ ఓన్లీ అంటుంది, అంటే చదువుకోవడానికి మాత్రమేనట. ఒక్క బల్ల దగ్గర కాదు, అందరి దగ్గరా అంతే. సర్వర్‌ను ఒకసారి ఆపి వేస్తే మధ్యాహ్నానికి దారిలోకి వచ్చేది. మర్నాడు పొద్దున మళ్లీ మొదటికే. అప్పుడప్పుడూ ఒక రోజు ఏ గొడవా లేకుండా పొద్దుటి నుంచే బుద్ధిగా పనిచేసేది. ఆ రోజు ఎందుకు పనిచేసిందో కూడా తెలిసేది కాదు.

రాయడం కుదరక పొద్దుటి కొలతలన్నీ చీటీల మీదకు ఎక్కాయి. చీటీలు పనిశాలలో మా బల్లల మీద, తడి సుద్ద మధ్య తిరిగేవి. బట్టలు కుట్టే ఒకావిడ కొలత అలాగే తడిసి, ఒక అంకె ఇంకో అంకెలా కనబడింది. కాలు పొట్టిగా తయారైంది. ఆవిడ దాన్ని తొడుక్కుని నిలబడితే ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎవరి చెయ్యి పట్టుకోవాలా అని చుట్టూ చూసింది. అప్పుడు మేస్త్రి ముఖం చూడలేకపోయాను. వారం పాటు చేసిన పని.

మా పెద్దసారు చెడ్డవాడు కాదు. బెంచీల మీద కూర్చున్నవాళ్లందరి బరువూ తన నెత్తిన ఉందనుకునే మనిషి. కానీ ఆయన లెక్క సూటిగా ఉంటుంది. ఆ అమ్మాయి రాకముందు ఫైలు బాగుంది, వచ్చాక పాడైంది, కాబట్టి ఆ అమ్మాయి ఏదో నొక్కుతోంది. ఆమెను ఉద్యోగంలో ఉంచాలా వద్దా అన్నది ఆ శనివారం తేల్చాలి. ఇలాగే ఉంటే సంతకం పెట్టనని అందరి ముందూ చెప్పేశాడు. ఆ అమ్మాయి తలవంచుకుని టేపు చుట్టుకుంటూ ఉండిపోయింది. చుట్టింది విప్పి మళ్లీ చుట్టింది.

అక్కయ్య వెళ్లి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను పట్టీ కొలత అడగడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"అక్కయ్యా, నేనేం ముట్టుకోలేదు. ఒట్టు."

"ఏం చేశావని నేనడగలేదుగా అమ్మా. నీకేం కనిపించిందో చెప్పు."

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని చెప్పింది. "తెరవగానే పైన పసుపు గీత వస్తుంది. కింద అంతా మామూలే. అంకె కొడితే టక్కుమని ఒక చప్పుడు. అంతే, పడదు."

"నువ్వు తెరిచేటప్పటికి ఆ గీత ఉంటోందా, తెరిచిన కాసేపటికి వస్తోందా?"

"ముందే ఉంటోంది. నా కంటే ముందే వచ్చి కూర్చున్నట్టు."



ఆ వారమంతా ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. ఫైలుకే పొరపాటున చదవడానికి మాత్రమే అనే గుర్తు పడిందేమోనని చూసింది, పడలేదు. సర్వర్‌లో చోటు నిండిపోయిందేమోనని చూసింది, బోలెడంత ఉంది. వైర్లు మార్చింది. ఫైలుకు నకలు తీసి, అదే పేరుతో పాతదాని చోట పెట్టి, దాన్ని వాడమంది. మర్నాటికి దానికీ అదే రోగం. అందరి పేర్లకూ ఎవరికి ఏ అనుమతి ఉందో ఒక్కొక్కటీ సరిచూసింది, మాకందరికీ రాసే అనుమతి ఉంది. మేస్త్రి ఆవిణ్ణి చూసి, "అక్కయ్యా, మన ఆయమ్మ బుర్రను పట్టుకెళ్లి ఆ సర్వర్‌లో పెట్టు, పోదూ ఈ పీడ" అన్నాడు.

ఆ ఎగతాళికి ఒక కారణం ఉంది. మా ఆయమ్మ పెద్దది. అందరికంటే ముందు వచ్చి తలుపులు తీసి, హాలు ఊడ్చి, బెంచీలు తుడిచేది. ఈమధ్య ఆమెకు ఒక కొత్త గొప్ప వచ్చింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ల పేరు అడిగి, మీది అయిపోయింది కూర్చోండనో, మీది ఇంకా అవలేదు, ఎండెక్కకముందే ఇంటికెళ్లి వచ్చేవారం రండనో ఠకాఠకా చెప్పేది. చెప్పింది తప్పేది కాదు. అంతమంది సంగతి ఎలా గుర్తుంటుందా అని మేమంతా ముచ్చటపడేవాళ్లం. ఇంకా లోతుగా ఆలోచించలేదు. మంచి జరుగుతున్నప్పుడు ఎలా జరుగుతోందని ఎవరు అడుగుతారు.

శుక్రవారం పొద్దున హాలు కిక్కిరిసి ఉంది. నేను ఒకాయనకు పట్టీ బిగిస్తూ హాల్లోనే ఉన్నాను. అక్కయ్య తన జ్వరాల చూపు ముగించుకుని కొలతల గది నుంచి పనిశాలకు వెళ్తోంది. ఎదురుగా చంక కర్రల మీద ఒక మనిషి వస్తున్నాడు. బెంచీలకూ గోడకూ మధ్య ఇద్దరు పట్టరు. ఆవిడ గోడకు అతుక్కుని ఆయనకు దారి ఇచ్చింది. తూలి పడకుండా చెయ్యి పక్కకు ఆనించింది.

ఆ మూల ఒక పాత కంప్యూటరు ఉంటుంది. కొత్త కాలు అమర్చినవాళ్లకు ఎలా నడవాలో చూపించే వీడియోలు మధ్యాహ్నం పూట దాంట్లో వేస్తారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి దానికి గెస్ట్ అనే పేరు పెట్టి, దేన్నైనా చూడొచ్చు గాని దేన్నీ మార్చకూడదు అన్నట్టు అక్కయ్యే ఏర్పాటు చేసింది. పొద్దున పూట సుద్ద దుమ్ము పడకుండా మీద గుడ్డ కప్పి ఉంటుంది, ఆపేసి ఉందనే మేమంతా అనుకునేవాళ్లం. అందుకే పొద్దుటి జ్వరాల చూపులో దాని వంతు ఉండేది కాదు.

కర్రల మనిషి దాటి వెళ్లిపోయాడు. అక్కయ్య మాత్రం కదల్లేదు. గుడ్డ మీద ఉన్న చేతిని నెమ్మదిగా తిరగేసి, మళ్లీ ఆనించింది. గుడ్డ అంచు కొంచెం ఎత్తి, తెర మీట నొక్కింది. నేనున్న చోటికి కూడా కనబడింది. మా ఫైలే, నిండా తెరిచి ఉంది. ఆవిడ తల తిప్పి హాలు అవతలి వైపు చూసింది. అక్కడ ఆయమ్మ ఒక ముసలి దంపతుల ముందు వంగి, మీది అయిపోయిందట, ఇంకాసేపట్లో పిలుస్తారని చెబుతోంది. ముసలామె మొగుడి చెయ్యి పట్టుకుని నవ్వింది. అక్కయ్య తెర ఆర్పేసి, గుడ్డను ఎలా ఉందో అలాగే సర్ది, ఏమీ జరగనట్టు వెళ్లిపోయింది.

టీ వేళకు హాలు పలచబడ్డాక ఆవిడ పని మొదలుపెట్టింది. ఫైలును అందర్నీ మూసెయ్యమంది. హాల్లోది తనే మూసింది. ముందు కొలతల అమ్మాయిని తెరవమంది. అంకె పడింది. మళ్లీ అందర్నీ మూయించి, ఈసారి ముందు హాల్లో గెస్ట్ పేరుతో తెరిచి, తర్వాత ఆ అమ్మాయిని తెరవమంది. పసుపు గీత. ఇంకోసారి అటూ ఇటూ చేసి చూసింది. ప్రతిసారీ అదే జరిగింది. మేస్త్రీ నేనూ నోరు తెరుచుకుని చూస్తుంటే, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. నలుగురు కలిసి రాసే ఫైలును ఎవరు ముందు తెరుస్తారో వాళ్లు దాని పక్కన ఒక చిన్న పలక పెట్టాలట. ఎవరెవరు లోపల ఉన్నారు, ఎవరు ఏ వరసలో రాస్తున్నారు అన్నది ఆ పలక మీద పడుతుంది. అది ఉంటేనే ఒకరి రాత మీద ఇంకొకరు రాసెయ్యకుండా ఉంటారు. గెస్ట్‌కు చూసే అనుమతే ఉంది గాని, ఆ ఫోల్డరులో కొత్తగా ఏదీ పెట్టే అనుమతి లేదు. పలక పెట్టలేక ఊరికే తెరుస్తాడు. పలక లేదు కాబట్టి తర్వాత ఎంత పెద్దవాళ్లు వచ్చినా చూసి పోవాల్సిందే. సర్వర్ ఆపి వేసినప్పుడు హాల్లోది తెగిపోయి, మాలో ఎవరో ముందు తెరిచేవాళ్లం, అందుకే మధ్యాహ్నం బాగుండేది. ఏ గొడవా లేని రోజులు ఏవా అని లెక్క వేసుకుంటే, అవన్నీ ఆయమ్మ సెలవు రోజులని నాకు అప్పుడు తట్టింది. అక్కయ్యకు ఎప్పుడో తట్టి ఉంటుంది. పైకి అనలేదు.

మందు కూడా వెంటనే వేసింది. గెస్ట్‌కు మునుపటిలాగే ఫైలులో చూసే అనుమతే ఉంచి, ఫోల్డరులో పలక పెట్టుకునే అనుమతి మాత్రం కలిపింది. కలిపి మళ్లీ పరీక్ష చేసింది. ఈసారి హాల్లో ముందు తెరిచినా కొలతల గదిలో అంకె పడింది. ఆ అమ్మాయి అంకెను కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టింది. పడుతోందా లేదా అని కాదు, ఆ సంతోషం కోసం.

తర్వాత ఆవిడ పెద్దసారు గదిలోకి వెళ్తూ, సాక్ష్యానికి ఉంటావు రా అని నన్నూ తీసుకెళ్లింది. పెద్దసారు అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంతకీ ఇది ఎవరు చేశారమ్మా?"

"నేనండి" అంది అక్కయ్య.

ఆయన తలెత్తాడు.

"ఆ గెస్ట్ పేరు పెట్టింది నేను. చూడొచ్చు, ఇంకేమీ చెయ్యకూడదని కట్టేసింది నేను. అది ముందు తెరుచుకుంటే ఏమవుతుందో ఆలోచించలేదు. కొలతల అమ్మాయికి ఇందులో ఇసుమంత పాత్ర కూడా లేదండి."

"అది సరే. హాల్లో దాన్ని పొద్దున్నే తెరుస్తున్నది ఎవరు?"

"ఎవరు తెరిచినా ఇలాగే అయ్యేదండి. మీరు తెరిచినా ఇంతే."

ఆయన కొంతసేపు కిటికీలోంచి హాలు కేసి చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. అయితే ఆ మిషను అక్కణ్ణుంచి తీయించెయ్యండి, పీడ పోతుందని అన్నాడు. తీస్తే రోగం పోదండి, దాక్కుంటుంది, ఇంకోరోజు ఇంకో మూల నుంచి వస్తుందని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆయన ఆలోచించి ఒక మాట మీదకు వచ్చాడు. రేపు పొద్దున రోజూ ఎలా జరుగుతుందో అచ్చం అలాగే జరగనివ్వండి, ఏదీ మార్చొద్దు, అప్పుడు కూడా ఆ అమ్మాయి బల్ల దగ్గర అంకె పడితే సంతకం పెడతాను, పడకపోతే నన్నేమీ అనొద్దు, అన్నాడు.

అచ్చం అలాగే అంటే, రేపు కూడా ఆయమ్మే ముందు తెరవాలన్నమాట. తెరవకపోతే ఆయన చెప్పిన పరీక్ష జరిగినట్టు కాదు. బయటికి వచ్చి చూస్తే, హాలు మూలలో ఆ పాత కంప్యూటరు తీగ గోడలోంచి పీకేసి, చుట్ట చుట్టి, దాని నెత్తిన పెట్టి ఉంది. గుడ్డ నిండా కప్పి ఉంది. మేం అటూ ఇటూ తిరిగి పరీక్షలు చేస్తున్నంతసేపూ ఆయమ్మ హాల్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

శనివారం ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరు బెంగ పెట్టుకోవద్దు. పొద్దున పెద్దసారు స్వయంగా వచ్చి కొలతల బల్ల వెనక నిలబడ్డాడు. పసుపు గీత రాలేదు. మొదటి కొలత ఆ బట్టలు కుట్టే ఆవిడదే, మళ్లీ తీశారు. అంకె పడింది. పనిశాలలో మేస్త్రి తెర మీద అది కనబడగానే, వచ్చిందోయ్ అని లోపల్నుంచి అరిచాడు. పెద్దసారు అక్కడే నిలబడి ఆ అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టాడు. ఇప్పటికీ ఆ బల్ల ఆ అమ్మాయిదే. ఇప్పటికీ ఏడ్చే పిల్లలు వస్తే పైజామా అంచు ఎత్తుతుంది.

కానీ అక్కయ్యను తలుచుకున్నప్పుడు నాకు గుర్తొచ్చేది శనివారం పొద్దు కాదు, దాని ముందు సాయంత్రం. పని ముగించి నేను వెనక కుళాయి దగ్గర చేతుల జిగురు కడుక్కుంటున్నాను. పక్క మెట్ల మీద ఆయమ్మ చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కయ్య వచ్చి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. 

"నా మూలంగా ఆ పిల్ల ఉద్యోగం పోయేది తల్లీ" అంది ఆయమ్మ. "దాన్ని ఒళ్లో కూచోబెట్టుకుని కొలతలు తీయించాను చిన్నప్పుడు. ఇంక ఆ మిషను జోలికి పోతే నా చేతులు విరిగిపోవాలి."

మీ తప్పు లేదనో, పోనీలెండనో అక్కయ్య అనలేదు. రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"పొద్దున దాంట్లో మీకేం కనిపిస్తుంది పెద్దమ్మా?"

ఆయమ్మ కళ్లు తుడుచుకుని చెప్పింది. వెళ్లిపోయిన పాత కొలతల అమ్మాయి, పోయేముందు ఒక బొమ్మ చూపించి, దీని మీద రెండుసార్లు నొక్కితే వస్తుందని నేర్పిందట. పేర్లు కూడబలుక్కుని చదవగలదు. పేరు పక్కన ఆకుపచ్చ ఉంటే అయినట్టు, ఎరుపు ఉంటే అవనట్టు. సారు చూస్తే మిషన్లతో నీకేం పని అంటాడని, చూసుకోగానే తెర ఆర్పి గుడ్డ కప్పేది. "మొన్నొక పెద్దాయన వచ్చాడు తల్లీ. ఎంత దూరమో మరి, రెండు బస్సులు మారి వచ్చాడట. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక చెప్పారు, నీ కాలు ఇంకా అవలేదని. ఒక్క మాట అనలేదాయన. సరేనమ్మా అని లేచి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ మర్నాటి నుంచి చూసి చెప్పడం మొదలుపెట్టాను."

అక్కయ్య తల పంకించింది. కుళాయి కట్టేసినా నేను కదల్లేదు, కదిలితే చప్పుడవుతుందని.

"నాకో సాయం చెయ్యాలి పెద్దమ్మా."

"నేనా? నీకా?"

"రేపు పొద్దున కూడా మీరే ముందు తెరవాలి. ఆ తీగ నేను పెట్టేసి వెళ్తాను. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే. మీరు తెరిస్తేనే నేను బాగుచేశానో లేదో తెలుస్తుంది. ఆ పిల్ల సంతకం మీ చేతిలో ఉంది."

"మళ్లీ ఆ పసుపు గీత వస్తే?"

"వస్తే నా పని బాగాలేదని. మీ పనికేం, అది ఎప్పుడూ బాగానే ఉంది."

ఆయమ్మ చీపురు పుల్లలు సర్దుతూ ఆలోచించింది. ఆ తర్వాత తల ఊపింది. అక్కయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. రెండు మెట్లెక్కి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది.

"ఇంకొక్క సాయం పెద్దమ్మా. తెరిచాక దాని మీద గుడ్డ కప్పకండి. పాపం, ఉడికిపోతోంది."